ఫోన్ల వంతు

ఆ మంగళవారం ఫోన్ల వంతు లక్ష్మీతులసిది.

వరిచేలకి కాలవ నీళ్ళు వదిలేటప్పుడు ఈ పూట ఫలానా వాళ్ళకి, రేపు ఫలానా వాళ్ళకి అని వంతులు వేసుకుంటారు కదా, అమలాపురంలోని ఆ కాలేజీలో బీయస్సీ ఆఖరేడాది పిల్లలు తమ ఫోన్లకి అలా వేసుకున్నారు. వేసినవాడు క్లాసు లీడరు దుర్గాసాయి. వాళ్ళ నాన్నకి కొత్తపేట దగ్గర పొలం ఉంది. నీళ్ళ వంతు దగ్గర జరిగే తగువులన్నీ చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాడు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపించకుండా వేశాడు.

సంగతేమిటంటే, ఆ ఏడు ఒక సబ్జెక్టు ఆన్‌లైన్లోనే చదవాలని యూనివర్సిటీ నిర్ణయించింది. వీళ్ళకి చేపలు, రొయ్యల పెంపకం మీద ఒక కోర్సు వచ్చింది. పాఠాలన్నీ వీడియోల్లో ఉంటాయి. గంట లేదు, హాజరు లేదు, ఎవరి వీలుని బట్టి వాళ్ళు, ఎవరి నడకన వాళ్ళు చూసుకోవచ్చు. ఎవరి నడకన వాళ్ళు అనేసరికి అందరూ హాయిగా కూర్చుండిపోయారు. క్లాసులో అయితే మాస్టారు చూస్తారని కనీసం కళ్ళు తెరిచి ఉంచేవాళ్ళు, ఇక్కడ ఆ బెడదా లేదు. వీడియో నడుస్తోందా లేదా అన్నదే ఫోనుకి తెలుస్తుంది గానీ, ఎదురుగా మనిషి ఉన్నదీ లేనిదీ దానికి తెలియదని మొదట్లోనే కనిపెట్టేశారు.

ఇక అక్కణ్ణించి పని సులువైపోయింది. మధ్యాహ్నం అన్నాల వేళకి ఫోన్లన్నీ జువాలజీ ల్యాబులో పొడుగు బల్ల మీదకి చేరతాయి. సీసాల్లో ఊరుతున్న పాములకీ తేళ్ళకీ ఎదురుగా వరసగా పడుకుంటాయి. వంతు ఎవరిదైతే వాళ్ళు ఆ పూట కాపలా. మాట వినబడకుండా నొక్కెయ్యడం, వేగం రెట్టింపు చెయ్యడం, మధ్యలో ప్రశ్న వచ్చి వీడియో ఆగితే గ్రూపులో పెట్టిన జవాబు చూసి తట్టడం, ఇంతే ఉద్యోగం. మిగతావాళ్ళు క్యాంటీన్లో ఉంటారు, లేకపోతే గడియారస్తంభం దగ్గర జ్యూసు బండి దగ్గర ఉంటారు.

తులసి ఫోన్లన్నీ సర్దుతుంటే నల్లటి తోలు కవరున్న ఫోను ఒకటి ఎక్కువ కనిపించింది. ఎవరిదని అడిగితే, అది మన ప్రభాకరరావు సార్‌ది, ఆయనక్కూడా లెక్చరర్లకి పెట్టిన ట్రైనింగు ఏదో ఆన్‌లైన్లో ఉంది, దాన్ని కూడా మనతోపాటు నడిపించెయ్యమన్నారు అని చెప్పి దుర్గాసాయి నవ్వుతూ వెళ్ళిపోయాడు. కోర్సుని కాలేజీలో చూసుకోవలసిన పెద్దమనిషి ఆయనే. తులసికి నవ్వొచ్చింది. మాస్టారి ఫోనుకి కాస్త మర్యాదగా వరసలో మొదటి చోటు ఇచ్చింది.

అన్నీ నడుస్తున్నాయి. ఏ ఫోనులో చూసినా ఒకే మేడమ్ గారు నోరు కదుపుతున్నారు. తోచక తులసి తన ఫోనుకి ఇయర్‌ఫోన్సు తగిలించింది. ఎప్పుడూ విన్నది కాదు. వింటే మాత్రం అర్థమయ్యేదా? అల్లవరం దగ్గర పల్లెలో పదో తరగతి వరకూ తెలుగులో చదివింది. ఇంటర్లో, డిగ్రీలో ఇంగ్లీషు పాఠాలు ముమ్మిడివరం బస్సులా ఆపు లేకుండా వెళ్ళిపోయేవి. మళ్ళీ చెప్పండి సార్ అని ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. అరవైమంది ముందు ఎవరడుగుతారు.

తెర మీద రొయ్యల చెరువు కనిపించింది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు నీళ్ళని చిమ్ముతున్నాయి. అచ్చం ఊళ్ళో నాన్న రొయ్యల చెరువులో ఉన్న రకమే. ఒక రెక్క విరిగి కూడా ఉంది. తులసి ముందుకి వంగింది. వేగం తగ్గించింది. మేడమ్ గారు ఏదో అన్నారు, సగం అందలేదు. వెనక్కి తీసుకెళ్ళింది. మేడమ్ గారు విసుక్కోకుండా అదే మాట మళ్ళీ చెప్పారు. ఇంకోసారి వెనక్కి. ఈసారి ‘డిజాల్వ్‌డ్’ దగ్గర ఆపింది. మేడమ్ గారు నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయారు, నీకెప్పుడు కావాలంటే అప్పుడే చెబుతానన్నట్టు. ఆ మాటకి అర్థం వెతుక్కుని మళ్ళీ నడిపితే వాక్యం మొత్తం బోధపడింది. నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్. నాన్న రోజూ మీటరు పెట్టి చూసేది ఇదే కదా అనుకుంది. ఒంటరిగా ఆ ల్యాబులో ఆ పిల్లకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తన కోసం చదువు ఆగడం అదే మొదటిసారి.

ఆ సంతోషంలో కాపలా మాట మరిచిపోయింది. తలెత్తి చూసేసరికి ఫోన్లన్నీ ప్రశ్నల దగ్గర ఆగి, ఒక్కొక్కటే కళ్ళు మూసుకుని నల్లగా పడి ఉన్నాయి. అప్పటికే గంట కొట్టేశారు. లోపలికి వచ్చిన దుర్గాసాయి వరస అంతా చూసి తల పట్టుకున్నాడు. సోమవారం కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది, ఈలోగా క్లాసు మొత్తం నూటికి నూరు చూపించాలని ప్రిన్సిపాల్ గారి హుకుం. ఒక పూట పోయిందంటే మాటలా? ఏం చేశావంటే పాఠం వింటున్నానంది. అది విన్న కుర్రాళ్ళు నవ్వలేక చచ్చారు.

దుర్గాసాయి మాత్రం నవ్వలేదు. “నీది నువ్వే చూసుకో తులసీ. ఇంక నిన్ను వంతులో వెయ్యను” అన్నాడు.

అతను శిక్ష వేశాననుకున్నాడు. తులసి మహదానందంగా ఫోను తీసుకుంది.

* * *

బుధవారం నుంచీ దుర్గాసాయి రెండు పూటలా వంతులు పెట్టాడు. తులసి మాత్రం బస్సులో, చెరువు గట్టు మీద, పొయ్యి దగ్గర తన ఫోనుతో తనే కుస్తీ పట్టింది. వంతులో ఇదివరకు నడిచిపోయిన పాఠాలన్నీ మొదటినుంచీ పెట్టుకుని చూసింది. కొత్తది ఒక్కటీ ముందుకి కదల్లేదు. ఆమె లెక్క సగం దగ్గరే ఉండిపోయింది. రాజోలు నుంచి వచ్చే రూతు ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు. టీచరుగారి కూతురు, మంచి మార్కుల పిల్ల. ఈ వీడియోల్ని ఎవరూ చూడరే, సర్టిఫికెట్టులో నువ్వు ఎన్నిసార్లు విన్నావో రాయరు, ముందు నూరు చేసేసి తరవాత తీరిగ్గా వినుకో అని బతిమాలింది. మాట సబబుగానే ఉంది. కానీ ముందుకి నొక్కబోతే తులసికి చెయ్యి రాలేదు. ఒకసారి అర్థమవడం రుచి చూశాక అర్థం కానిదాన్ని దాటుకుపోవడం కష్టం.

గురువారం పొద్దున్న తండ్రి సత్యప్రసాద్‌తో గట్టు మీదకి వెళ్ళింది. ఆయన మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేని తాడు పట్టి పైకి లాగాడు. ట్రేలో మేత ఇంకా సగం ఉంది. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి, మేత బకెట్టు మూత పెట్టేశాడు. వెయ్యవా నాన్నా అంటే, ముందు వేసింది తిననీయమ్మా, తినకుండా వేస్తే అడుక్కి పోయి కుళ్ళుద్ది అన్నాడు. తరవాత మీటరు తీసి వైరు నీళ్ళలోకి వదిలాడు. అంకె తక్కువగా ఉంది. తెల్లారగట్ల ఎప్పుడూ ఇంతే, మధ్యాహ్నం అన్నానికెళ్ళే ముందు చూస్తే రెట్టింపు ఉంటది, నాలుగేళ్ళ నుంచీ చూస్తున్నాను కదా అన్నాడు.

తులసి గట్టు మీద ఆగిపోయింది. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుందని మేడమ్ గారు చెప్పారు. ఆ మాటని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విందో, తప్పు వినే అవకాశమే లేదు. అలాగైతే చల్లటి పొద్దున్న ఎక్కువ ఉండాలి, ఎండ మాడ్చే వేళ తక్కువ ఉండాలి. నాన్న మీటరు తిరగేసి చెబుతోంది. మీటరు పాడైందేమో అంటే ఆయన నొచ్చుకుని, పక్క చెరువు వాళ్ళ మీటరు తెచ్చి అది కూడా పెట్టి చూపించాడు. రెండూ ఒకే మాట అన్నాయి.

వెనక పాఠాలు తిప్పింది. నీళ్ళలో పచ్చగా ఉండే సన్నటి నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుందనీ, చీకట్లో అదే పీల్చుకుంటుందనీ దొరికింది. సగం ముడి విడింది. మిగతా సగం విడలేదు. వేడి నీళ్ళకి పట్టే శక్తే తక్కువైతే తయారైనదంతా ఎక్కడ పట్టింది? మధ్యాహ్నం మీటరు చూపించే అంకె పాఠంలో ఇచ్చిన పట్టిక కన్నా చాలా ఎక్కువ. తులసి అక్కడ ఆగింది. మర్నాటికీ అక్కడే ఉంది.

* * *

శుక్రవారం ప్రభాకరరావు మాస్టారు క్లాసులో తెర దింపి, కోర్సు లెక్క చూపించారు. ఒక్కొక్క పేరు ఎదుట పచ్చటి గీత, ఈ చివర నుంచి ఆ చివరకి. అంతా అరటితోటలా కళకళలాడిపోతోంది. మధ్యలో ఒక్క పేరు దగ్గర మాత్రం ఎర్రటి మొండిగీత. తులసి లేచి నిలబడకుండానే అందరూ ఆమెకేసి తిరిగారు.

మాస్టారు చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు ఆయన కప్పని కోసి చూపిస్తుంటే పక్క క్లాసుల వాళ్ళు కూడా కిటికీల దగ్గర మూగేవారట. ఇప్పుడు ఆయనకి కాగితాలు నింపడం, ఫొటోలు తీసి పైకి పంపడం తప్ప పాఠం చెప్పే తీరిక ఎవరూ ఇవ్వడం లేదు. ఆ చిరాకంతా ఆ ఎర్రగీత మీద పడింది. అందరూ చెయ్యగలిగింది నీకెందుకు చేత కాలేదన్నారు. ఫోనులో ఇంకేం చూస్తున్నావన్నారు. ఆ మాటకి వెనక బెంచీల వాళ్ళు కిసుక్కుమన్నారు.

తరవాత ఆయన మామూలు గొంతుతో అన్న మాట తులసి గుండెల్లో దిగింది. “ఇదంతా ఎందుకమ్మా, నీ పేరు ఇందులోంచి తీసేస్తాను. అప్పుడు క్లాసు నూటికి నూరు. నువ్వు వచ్చే ఏడు మళ్ళీ కట్టుకో.”

పేరు తీసేస్తే ఈ సబ్జెక్టు పోతుంది. సబ్జెక్టు పోతే డిగ్రీ ఈ ఏడు రాదు, ఎమ్మెస్సీ సీటు మాట చెప్పనే అక్కర్లేదు. చదువుకోని వాళ్ళంతా ఉంటారు, చదువుతున్న తను పోతుంది. ఒక్క మాట చాలు. మీ ఫోను ఇప్పుడెక్కడుంది సార్ అంటే చాలు. ఆ నల్ల కవరు ఫోను ఆ క్షణాన గోడ అవతల ల్యాబులో, పాముల సీసాల ఎదుట, మాట లేకుండా పరుగెడుతూనే ఉంది. దుర్గాసాయి తల వంచుకుని బల్ల మీద గీతలు గీస్తున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

తులసి ఆ మాట అనలేదు. మొన్నటిదాకా తనూ ఆ వంతులో ఉన్నదే. పైగా ఆమెకి కావలసింది అది కాదు.

“నేను మానెయ్యలేదండి” అంది. “ఒకచోట ఆగిపోయేనండి. అక్కడ అర్థం కాలేదండి.”

మాస్టారికి ఆ మాట కొత్తగా వినిపించింది. “అందులో అర్థం కావడానికేముందమ్మా? చూడ్డమే కదా” అనేశారు.

క్లాసు ఘొల్లుమంది. నవ్వు ఆగాక ఆయనకి తను ఏమన్నదీ తెలిసొచ్చినట్టుంది, తెర వైపు తిరిగి ఊరికే కళ్ళద్దాలు తుడుచుకున్నారు. సరే, ఎక్కడ ఆగావో చెప్పమన్నారు.

తులసి చెప్పింది. మూడేళ్ళలో ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ విననే లేదు. మొదట వణికింది. నాన్న మీటరు దగ్గరికి వచ్చేసరికి వణుకు పోయింది. నాచు చీకట్లో పీల్చుకుంటుందమ్మా, అందుకు పొద్దున్న తక్కువ అని మాస్టారు టక్కున అందుకున్నారు. ఆయ్, అది వెనక పాఠంలో ఉందండి అంది తులసి. “మధ్యాహ్నం సంగతండి నేనడిగేది. వేడి నీళ్ళకి పట్టేదే తక్కువైతే అంత ఎక్కువ ఎలా పట్టిందండి?”

మాస్టారు సుద్దముక్క తీసుకున్నారు. బోర్డు మీద ఒక గీత గీశారు. ఆగారు. చెరిపేశారు. ఆ జవాబు ఆయనకి ఒకప్పుడు తెలుసు, అది మొహంలో కనిపిస్తూనే ఉంది. గంట కొట్టేశారు. రేపు చూద్దాం అని ఆయన వెళ్ళిపోయారు. తెర ఎత్తెయ్యడం మరిచిపోయారు. పేరు తీసేసిందీ లేనిదీ చెప్పలేదు.

ఆ సాయంత్రం బస్సులో తులసికి ఏడుపొచ్చింది. వీడియో పెట్టుకోలేదు. పేరు ఉందో లేదో అని ఊరు చేరేదాకా మాటిమాటికీ ఫోను తీసి చూసుకుంది. ఉంది. ఇంకా ఉంది.

* * *

శనివారం మాస్టారు హాజరు తీసుకోకుండా నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళారు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఆ పాఠం రాత్రి ఇంట్లో వాళ్ళ ఫోనులో తనూ చూశానన్నారు. ఒకసారి కాదు, వెనక్కి తిప్పడం చేతకాక ప్రతిసారీ మొదటినుంచీ చూడాల్సి వచ్చిందని కూడా దాచకుండా చెప్పారు. తరవాత అందరికేసీ చూసి, మీరంతా నూటికి నూరు చేసినవాళ్ళు, ఈ అమ్మాయి సందేహం మీలో ఎవరైనా తీర్చండి అన్నారు.

అందరూ పుస్తకాల్లోకి తలలు దించేశారు. రూతు కూడా తలెత్తలేదు. చివరికి దుర్గాసాయి లేచాడు. లీడరు కదా, వంతు పెట్టినవాడు కదా.

“మేం చూళ్ళేదండి. మా ఫోన్లే చూశాయండి” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారి చెయ్యి తనకి తెలియకుండానే జేబు మీదకి వెళ్ళింది. జేబు ఖాళీగా ఉంది. ఆయన ఆ చేతిని అక్కడే కాసేపు ఉంచి తులసికేసి చూశారు. నిన్న ఈ పిల్లకి ఇదంతా తెలుసు, తెలిసీ నన్ను కాచింది అని ఆయనకి అర్థమైంది. ఆ సంగతి తులసికీ అర్థమైంది. కూర్చో నాయనా అని దుర్గాసాయితో మెల్లిగా అన్నారు.

తరవాత సుద్దముక్క పట్టుకుని, “ముమ్మిడివరం సర్వీసు ఆటోలో సీట్లు ఎంతమందికి?” అని అడిగారు.

ముగ్గురికని చెప్పారు. మరి ఎక్కేది ఎంతమంది అంటే, దానికి లెక్కేముందండి, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక కడ్డీ పట్టుకుని ఇంకో నలుగురు అన్నారు. మాస్టారు ఆటో బొమ్మ వేశారు. పాతికేళ్ళ కిందట కప్ప బొమ్మ వేసిన చెయ్యి అది, చక్రాలతో సహా వచ్చేసింది. వేడెక్కితే నీళ్ళలో సీట్లు తగ్గే మాట నిజమే అన్నారు. కానీ మధ్యాహ్నం నాచు ఆపకుండా ఆక్సిజన్ తయారు చేసి ఎక్కిస్తూనే ఉంటుంది. సీట్లు నిండిపోయినా ఎక్కుతుంది, నిలబడుతుంది, వేలాడుతుంది. దిగేది నిదానంగా దిగుతుంది కాబట్టి మీ నాన్నగారి మీటరు వేలాడే వాళ్ళని కూడా లెక్కేస్తోంది. తెల్లారగట్ల సీట్లు బోలెడు, ఎక్కేవాళ్ళే లేరు. మేడమ్ గారు చెప్పింది సీట్ల లెక్క, మీటరు చెప్పేది జనం లెక్క, రెండూ నిజమే.

క్లాసంతా ఒక్కసారి ఆఁ అన్నారు. వెనక బెంచీల వాళ్ళు బొమ్మ కనబడక లేచి నిలబడ్డారు. తులసి కూడా లేచి నిలబడింది. ఆమె కళ్ళు బోర్డు మీద ఉన్నాయి, మనసు చెరువు గట్టు మీద ఉంది.

“అయితేనండి” అంది నెమ్మదిగా, “మా నాన్న మధ్యాహ్నం పూట కూడా ఏరియేటర్లు తిప్పుతారండి, మంచిదని. నీళ్ళని అలా చిమ్మితే వేలాడేవాళ్ళని మనమే దించేసినట్టు కాదాండి?”

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి రూతు తులసి చెయ్యి పట్టుకుంది.

“కొంత అంతేనమ్మా. నీళ్ళు కలియబెట్టడానికి కాసేపు తిప్పొచ్చు గానీ, నువ్వన్నది నిజమే” అన్నారు. “ఇది ఆ వీడియోలో లేదు. ఇది నీది.”

అప్పుడు వచ్చింది తులసికి కన్నీరు. నిన్న బస్సులో వచ్చింది వేరు, ఇది వేరు. తుడుచుకోకుండానే నవ్వింది.

* * *

సోమవారం కమిటీ వచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలో తెర మీద పచ్చగీతలన్నీ అలాగే ఉన్నాయి, ఒకసారి పూర్తయిన గీత వెనక్కి రాదు మరి. మధ్యలో ఎర్రగీత కూడా అలాగే ఉంది, శనివారం కన్నా జానెడు పెరిగింది. తీసెయ్యమన్నాను కదా అన్నట్టు ప్రిన్సిపాల్ గారు మాస్టారికేసి ఉరిమి చూశారు. కమిటీలో పెద్దాయన దాని మీద వేలు పెట్టి, ఈ అమ్మాయి సంగతేమిటి, చదవడం లేదా అని అడిగారు.

“ఆ అమ్మాయి చదువుతోందండి” అన్నారు ప్రభాకరరావు మాస్టారు.

మరి మిగతావాళ్ళు అన్నారు ఆయన. మిగతావాళ్ళు ఇవాళ మొదలెట్టేరండి అన్నారు మాస్టారు. ప్రిన్సిపాల్ గారికి కాఫీ గొంతుకి అడ్డం పడింది. కమిటీ పెద్దాయన మాత్రం, ఏదీ, చూపిస్తారా అన్నారు.

మాస్టారు వాళ్ళని ల్యాబుకి తీసుకొచ్చారు. పొడుగు బల్ల మీద ఫోన్లు లేవు. ఎవరి ఫోను వాళ్ళ చేతుల్లో ఉంది. ఇద్దరిద్దరు కలిసి ఒక్కో ఫోను మీదకి వంగి, ఆపుతూ, తిప్పుతూ, కొట్టుకుంటూ ఉన్నారు. ఒకడు వెనక్కంటే ఇంకొకడు ముందుకంటున్నాడు. దుర్గాసాయి రూతుని పట్టుకుని సందేహాలు అడుగుతున్నాడు, రూతు తులసినడగమని తప్పించుకుంటోంది. పెద్దమనుషులు గుమ్మంలో నిలబడ్డారని కూడా ఎవరూ గమనించలేదు.

కమిటీ వాళ్ళు కదిలాక మాస్టారు వెనకే ఉండిపోయారు. దుర్గాసాయి బిడియంగా నల్ల కవరు ఫోను తెచ్చిచ్చాడు. మీది కూడా శుక్రవారమే నూరు అయిపోయిందండి, తెచ్చివ్వడానికి మొహం చెల్లలేదండి అన్నాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, తులసి కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. తులసి లేవబోతే వారించారు.

“తులసీ, మొదటినుంచీ చూద్దామనుకుంటున్నానమ్మా. ఇది వెనక్కి తిప్పడం ఎలాగో చెప్పు” అన్నారు.

తులసి ఫోనుని ఆయన చేతిలోనే ఉండనిచ్చింది. తెర ఎడమ పక్కన వేలితో చూపించింది.

“ఇక్కడ రెండుసార్లు తట్టాలండి. అర్థమయ్యేదాకా ఎన్నిసార్లైనా తట్టొచ్చండి. దానికి కోపం రాదండి.”

మాస్టారు తట్టారు.